నీటి పారుదల కారణాల చేత

మధ్యాహ్నం ఎప్పుడు కావాలో నిర్ణయించే అధికారం ఈ భూమ్మీద ఇద్దరికే ఉంది. ఒకరు సూర్యుడు. రెండోవారు నేను. సూర్యుడి మధ్యాహ్నం రోజూ ఒకే వేళకు వచ్చి విసుగు పుట్టిస్తుంది. నా మధ్యాహ్నం అలా కాదు. సెంటర్ కోర్టులో మొదటి ఆట ముగిసి, చెమట తుడిచిన తువ్వాళ్ళు బుట్టలో పడి, తరువాతి ఇద్దరు మహావీరులు గుమ్మంలోకి వచ్చి నిలబడినప్పుడే అది అవుతుంది. అంతవరకు పొద్దు ఎక్కడున్నా ఉదయమే.

మా టెన్నిస్ టోర్నమెంటులో ఏ ఆట ఏ కోర్టులో, దేని తరువాత జరగాలో శాసించే పని నాది. ఇంతటి పదవికి చెవికి ఇంపైన పేరు లేకపోవడం సహించలేక ‘క్రమకర్త’ అని నేనే నామకరణం చేసుకున్నాను. మా అత్తగారు ‘కర్మకర్త’ అంటారు. నోరు తిరగక కాదు.

నా ఆస్థానం పడమటి గ్యాలరీ మెట్ల కింద, ఏటవాలు కప్పున్న గది. గోడకు ఇనుప పలక, పలక మీద ఆటగాళ్ళ పేర్లున్న అయస్కాంతపు బిళ్ళలు. ఒక బిళ్ళను జానెడు పైకి జరిపితే ఒక జగజ్జేత తెల్లవారకముందే లేవాలి. జానెడు కిందికి దింపితే ఆయన సాయంత్రం దాకా గోళ్ళు కొరుక్కోవాలి. గదికి కిటికీ కూడా ఉంది. అందులోంచి కోర్టు తప్ప అన్నీ కనిపిస్తాయి. ఇన్నేళ్ళ నా పరిపాలనలో ఒక్క ఆటనైనా కళ్ళారా చూసి ఎరగను. రాజ్యాలేలేవారికి ఇటువంటి చిన్న సుఖాలు దక్కవు.

ఆ ఏడు వానలు ముందుగానే వచ్చిపడ్డాయి. వానలతోపాటు నా తోడికోడలు కూడా వచ్చింది.

మనిషి కొత్తది కాదు. మా ఇంట్లోనే, మేడ మీది వాటాలో కాపురం. మరిదిది ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం కనుక ఆమెకు తీరిక ఎక్కువ. గొంతు అంతకంటే ఎక్కువ. టోర్నమెంటులో మైకు ముందు ప్రకటనలు చదివే మనిషి కావలసివచ్చినప్పుడు ఆమె పేరు చెప్పినది నేనే. ప్రకటన అంటే నేను రాసినది ఆమె చదవడం. అంటే వేలమంది ఎదుట ఆమె నోటితో నేను మాట్లాడడం. ఆ ఏర్పాటు నాకు ఎంతో న్యాయంగా తోచింది. గాజుగదిలో ఎవరికీ కనబడకుండా కూర్చుని పలుకుతుంది కనుక ‘అశరీరవాణి’ అని బిరుదు కూడా ప్రసాదించాను. దాన్ని ఆమె మెచ్చుకోలుగా తీసుకుంది. ఆమెతో చిక్కల్లా అదే. ఏమన్నా మెచ్చుకోలుగానే తీసుకుంటుంది.

మొదటి వాన సెంటర్ కోర్టులో రెండో ఆట మధ్యలో కురిసింది. కోర్టు మీద కవర్లు కప్పే బృందానికి నాయకుడు మేస్త్రి. ఆయనకు మాటలంటే మహా పొదుపు. వాకీటాకీలో మరీనూ, అందులోని బ్యాటరీ తన ఒంట్లోదే అయినట్టు. కవర్లు పరిచిన కాసేపటికి ఆయన గొంతు మా అందరి వాకీటాకీల్లోనూ మోగింది.

“నిలిచిందమ్మా! నిలిచింది.”

మేస్త్రి భావం: కవర్ల అతుకు విడిపోయి కోర్టు మీద నీరు నిలిచింది అని. అశరీరవాణి గ్రహించినది: వాన నిలిచింది అని. మన భాషలో ఆగిపోయినదీ నిలుస్తుంది, పోకుండా ఉండిపోయినదీ నిలుస్తుంది. ఈ వైపరీత్యం నిఘంటువులు తిరగేసేవారికి తెలుసు. ఆవిరి పట్టిన గాజుగదుల్లో కూర్చునేవారికి తెలియదు.

“వాన నిలిచింది! వచ్చేయండి, అందరూ వచ్చేయండి!”

టీ కొట్ల దగ్గర తలదాచుకున్న జనమంతా గొడుగులు ముడుచుకుని పరుగున వచ్చారు. వచ్చి చూస్తే కోర్టు చెరువు. పైన వాన తన పనిలో తానుంది. గ్యాలరీ అంతా ఒక్కటే రంకె. మెట్ల కింద నా గదిలో నేను, న్యాయం జరగబోతున్నప్పుడు మంచివారికి కలిగే ప్రశాంతతతో, చేతులు కట్టుకుని విన్నాను.

“ఒక్క నిమిషం, తిట్టేముందు వినండి,” అంది మైకులో ఆమె గొంతు. “నేను చెప్పింది నిజమే. నిలిచింది. కాకపోతే వాన కాదు, నీళ్ళు. ఈతొచ్చినవాళ్ళు ముందు వరసలో కూర్చోండి. రానివాళ్ళు పక్కవాళ్ళని పట్టుకు కూర్చోండి, ఎలాగూ చలిగా ఉంది.”

నా గది కప్పు అదిరింది. పిడుగనుకున్నాను. నవ్వు!

అది మొదలు. వాన కురిసినంతసేపూ ఆమె మాట్లాడింది. పై వరసలో తడుస్తున్న ముసలాయనకు కింది వరసలోంచి గొడుగు ఇప్పించింది. అలిగి ఎడమొహం పెడమొహంగా కూర్చున్న ఒక జంటను, పేర్లు అడక్కుండానే, రాజీ చేసింది. నా క్రమపట్టిక ముక్కముక్కలవుతుంటే ఆ ముక్కల మీద నిలబడి ఆమె ప్రకాశించింది. మర్నాడు పత్రికలో ఆమె బొమ్మ పడింది. నా పట్టిక పక్క పేజీలో, చీమ తలంత అక్షరాల్లో, తప్పుగా పడింది.

వాన పడిన సాయంత్రమే రెండు కప్పుల టీ పట్టుకుని నా గదికి వచ్చింది. “అక్కా, కొంప ముంచేశాను కదూ?”

“కొంప కాదు, కోర్టు. అదీ నువ్వు ముంచలేదు, ముందే మునిగింది.”

“భలే అన్నావక్కా! ఇది రేపు మైకులో చెప్పుకోనా?”

నా మాటలే కాక నా ఎత్తిపొడుపులు కూడా దోచుకుపోతోందని అప్పుడు అర్థమైంది. వెంటనే శాసనం జారీ చేశాను: ఇకమీదట ఈ ప్రాంగణంలో ‘నిలిచింది’ అన్న మాట నిషిద్ధం. వాన అయితే ‘ఆగింది’ అనవలెను. నీరయితే ‘చేరింది’ అనవలెను. ఉల్లంఘించినవారి వాకీటాకీ స్వాధీనం చేసుకోబడును. మేస్త్రి అది విని, “మరి మేం నిలబడితే?” అని అడిగాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు వాడడం అదే మొదటిసారి.

ఇంట్లో పరిస్థితి ఇంకా విషమించింది. అత్తగారు రేడియో ముందునుంచి లేవడం మానేశారు.

“నీ గొంతు ఇందులో రాదేమే?” అన్నారొకనాడు.

“నేను రాసిందే అది చదువుతోంది అత్తయ్యా.”

“నువ్వు రాసిందా! అదీ సంగతి. మొదట రెండు ముక్కలు వినగానే నాకు కునుకు పడుతోంది. ఆ తర్వాత మెలకువొస్తోంది.”

ఇది నేను భరించాను. భరించలేనిది వేరే ఉంది. మా ఏకైక సంతానం, ఇంట్లో అందరికీ బుల్లి, ఆ ఏడే మొదటిసారి మా టోర్నమెంటులో బాలికల విభాగంలో ఆడబోతోంది. దాని కుడి మడమకు పాత బెణుకు ఒకటుంది. ఆటకు ముందు పట్టీ చుట్టాలి. ఆ పట్టీ దాని చిన్నప్పటినుంచి నేనే చుట్టేదాన్ని. మొదటి వాన పడిన మర్నాడు బుల్లి తన పరుపు, రెండు రాకెట్లు చంకన పెట్టుకుని మేడ మెట్లెక్కింది.

“ఎక్కడికే?”

“కింద గోడలకి చెమ్మమ్మా. రాకెట్ పిడి మెత్తబడిపోతోంది.”

రాకెట్ పిడికి పట్టిన చెమ్మను ఎవరు కాదనగలరు? కాసేపటికి పైనుంచి నవ్వులు వినిపించాయి. గోడలకు చెమ్మ పట్టిన ఇంట్లో కప్పులు ఎంత పలచగా ఉంటాయో నాకు ఆ వారమంతా తెలిసింది. మడమ పట్టీ ఇప్పుడు పిన్ని చుడుతోందని కూడా తెలిసింది. “నువ్వు గట్టిగా బిగిస్తావమ్మా, పిన్నిది హాయిగా ఉంటుంది,” అని బుల్లే చెప్పింది, మనసులో ఏమీ లేకుండా. మనసులో ఏమైనా ఉండి ఉంటే క్షమించేదాన్ని.

బాలికల ఆటలు ఆరో కోర్టులో. అక్కడ గ్యాలరీలు లేవు. కంచె బయట నిలబడి చూడవలసిందే. కంచె లోపల మాత్రం ఆటగత్తెకు ఒకటి చొప్పున కుర్చీ వేస్తారు, ఆమె తనవారనుకున్న ఒక్క మనిషి కోసం. ఆ మనిషి మెడలో నీలం రిబ్బను ఉండాలి. మనుషుల్లో తనవారెవరో ఒక్క రిబ్బనుతో తేల్చెయ్యమనే ఈ క్రూరనియమాన్ని ఏ పూర్వీకుడు కనిపెట్టాడో తెలియదు.

బుల్లి రిబ్బను పట్టుకుని నా గదికి వచ్చింది.

“అమ్మా, ఇది పిన్నికి ఇస్తున్నా. నువ్వెలాగూ రావు కదా?”

పాఠకులు ఇక్కడి వ్యాకరణాన్ని గమనించాలి. ‘వస్తావా?’ అని అడిగి ఉంటే, పలకవైపు చెయ్యి చూపి, ‘రాలేనమ్మా, ఇన్ని కోర్టులు నన్ను నమ్ముకుని ఉన్నాయి,’ అని గంభీరంగా పలికేదాన్ని. బుల్లి నొచ్చుకునేది; నేను దాని తల నిమిరేదాన్ని. ఆ సన్నివేశమంతా ఒక్క ‘కదా’తో నాకు దక్కకుండా పోయింది.

“ఎలాగూ రాను,” అన్నాను. “పిన్నికే ఇవ్వు.”

ఆ వెంటనే బుల్లి ఆటను, జగజ్జేత సెంటర్ కోర్టులో ఆడే సమయానికే ఆరో కోర్టులో పెట్టాను. ఆ జగజ్జేతను ప్రాంగణమంతా ‘రాజావారు’ అంటుంది. రాజావారు ఆడుతుంటే అశరీరవాణి గాజుగదిలో బందీ అని, అందువల్లే నేనలా పెట్టానని లోకం అనుకోవచ్చు. ఆరో కోర్టు పల్లంలో ఉంది, ఆలస్యంగా ఆరుతుంది, మధ్యాహ్నం తరువాత తప్ప పనికిరాదు. కారణం అదే.

రాకెట్లకు తీగలు బిగించే గదిలో మా వారు పని చేస్తారు. ఆయనకు ఈ సంగతి నేనే చెప్పాను, ఎవరో ఒకరు అడగకముందే చెప్పడం మంచిదని. “నీటి పారుదల కారణాలండీ.”

“టెన్నిస్ కోర్టుకి నీటి పారుదలేమిటి? నాట్లు వేయిస్తున్నావా?”

“మీకు అర్థం కాదు.”

ఆయన బిగించిన తీగను వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. “ఇది మాత్రం సరిగ్గా పలుకుతోంది,” అన్నారు.

నేను పెట్టిన ఆటను వాన ఎత్తేసింది. మర్నాడు పెట్టాను, మళ్ళీ ఎత్తేసింది. ప్రతి పొద్దునా బుల్లి బూట్లు బిగించుకోవడం, కంచె పక్కన బల్ల మీద కూర్చుని ఆకాశాన్ని చూడడం, సాయంత్రం ఆడకుండానే బూట్లు విప్పుకోవడం. ముఖం వాడిపోతోంది. దాని పక్కన మెడలో నీలం రిబ్బనుతో పిన్ని. వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా ఆవిడ దాని దగ్గరికి ఒక పరుగు, మళ్ళీ మైకు దగ్గరికి ఒక పరుగు. ఇదంతా నాకు మేస్త్రి చెప్పాడు. “తిరుగుతోందమ్మా,” అన్నాడు. ఎవరని నేను అడగలేదు. నేను కూడా రాజావారి బిళ్ళనూ బుల్లి బిళ్ళనూ కలిపే తిప్పాను. ఒకటి ఏ మూలకు వెళితే రెండోదీ ఆ వేళకే వెళ్ళింది. భార్యాభర్తలు కూడా అంత కలిసికట్టుగా తిరగరు.

చివరికి ఒక మధ్యాహ్నం ఎండ వచ్చింది. పాలిపోయిన, జబ్బుపడి లేచిన ఎండ. సెంటర్ కోర్టులో రాజావారు, ఆరో కోర్టులో బుల్లి. నా పలక మీద రెండు బిళ్ళలూ పక్కపక్కన. అశరీరవాణి గాజుగదిలో. కుర్చీ ఖాళీగా. అందరికీ సమానంగా అన్యాయం జరిగినప్పుడు దాన్నే న్యాయం అంటారని తలచి, టీ తాగాను.

వాకీటాకీ మోగింది. వెనక బంతి చప్పుడు, చాలా దగ్గరగా.

“అక్కా, ఆరో కోర్టు నుంచి. బుల్లి మొదటి సెట్టు పోగొట్టుకుంది. కంగారు పడకు, ఇప్పుడు బానే ఆడుతోంది.”

“నువ్వక్కడేం చేస్తున్నావు? సెంటర్ కోర్టులో రాజావారి ఆట జరుగుతోంది!”

“అందుకేగా వచ్చాను! ఆట జరుగుతుంటే నేను నోరెత్తకూడదుగా. అది అయ్యేదాకా నాకు సెలవే. వానొస్తేనే నాకు ఊపిరాడని పని. నీకు తెలిసే ఇలా కలిపి వేశావు కదక్కా! రోజూ చూస్తున్నా, ఎటు తిప్పినా కలిపే వేస్తున్నావు. నాకోసం ఇంత ఆలోచించావని పొద్దున అత్తయ్య ముందే చెబుదామనుకున్నా, నీకు నచ్చదని ఊరుకున్నా.”

ఇన్నేళ్ళుగా ఆటలను ఏలుతున్న నేను, ఆట జరిగేచోట ఎవరు మాట్లాడతారో ఎవరు మాట్లాడరో ఎరగను. ఎరగడానికి ఎన్నడైనా చూసి ఉంటే కదా.

“అవును,” అన్నాను. “నీకోసమే.”

ఇంకొంతసేపటికి రెండో సెట్టు బుల్లిదని చెప్పింది. ఆ తరువాత మేస్త్రి: “ఎక్కుతోందమ్మా. పడమట.” మబ్బు. ఇక ఫోన్లు మోగుతాయి. ఏ ఆట ఆపాలో, ఏది ఎక్కడికి మార్చాలో నేను చెప్పాలి. మబ్బు పట్టినప్పుడు క్రమకర్త గది వదలడమన్నది చరిత్రలో లేదు. పలక ముందు నిలబడి బిళ్ళ మీద చెయ్యి వేశాను. అప్పుడు మళ్ళీ ఆమె గొంతు, గరగరల మధ్య.

“అక్కా... మడమ... కిందపడి... నిలిచింది.”

అంతే. వాకీటాకీ మూగబోయింది.

నేను నిషేధించిన మాట. నిలిచింది. పడి లేచి నిలిచిందా? ఆట మధ్యలో నిలిచిందా? మడమ మీద నిలవలేక, ఇక చాలని, రాకెట్ దించి నిలిచిపోయిందా? “ఏది? ఏమిటి నిలిచింది?” అని అరిచాను. గరగర. నిఘంటువుల్లోని అర్థాలన్నీ నాకు తెలుసు. ఒక్కటీ పనికి రాలేదు.

ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. నా చెప్పులు ఎక్కడున్నాయో వెతికే తీరిక లేక అవి లేకుండానే బయటపడ్డాను. మెట్ల కింది దారి, టీ కొట్లు, గొడుగులు సర్దుకునే జనం. ఆరో కోర్టుకు దారి ఎటో నాకు తెలియదు; పలక మీద అది రాజావారి కోర్టుకు జానెడు దూరం. నేల మీద అంత కాదు. ఒకర్ని అడిగి, ఒకర్ని గుద్దుకుని, కంచె చేరాను.

బుల్లి నిలబడి ఉంది. మోకాలికి మట్టి, మడమకు కొత్త పట్టీ. బంతి ఎగరేసి కొట్టబోతోంది.

నా తోడికోడలు కుర్చీలోంచి లేచింది. నా కాళ్ళ వంక చూసింది, చెప్పులు లేని కాళ్ళ వంక. తన మెడలోని రిబ్బను తీసి నా మెడలో వేసింది.

“కూర్చో అక్కా. నాకు కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. ఎలాగూ వాన వచ్చేస్తోంది, మైకు దగ్గరికి పోవాలి.” కంచె దాటుతూ వెనక్కి తిరిగింది. “మడమ మెలిపడి పడిపోయింది. మానేస్తుందనుకున్నా. లేచి నిలిచిందక్కా!”

కూర్చున్నాను. ఆ పాయింటు బుల్లి గెలిచింది. గెలిచి, అలవాటుగా, కుర్చీ వైపు చూసింది.

ఆ చూపులో ఆనందం పొంగిందని రాయగలిగితే కథ ఇక్కడే ముగించేదాన్ని. బుల్లి నన్ను చూసింది. ఆ తరువాత నా ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. వెతికింది. తరువాతి రెండు పాయింట్లూ పోగొట్టుకుంది.

అంతలో వాన కురిసింది. అంపైరు చెయ్యి ఎత్తాడు. బుల్లి కుంటుతూ వచ్చి, నా కుర్చీ పక్కన గొడుగు కిందికి దూరింది. మట్టి వాసన, చెమట వాసన.

“పిన్ని ఏదమ్మా?”

“మైకు దగ్గరికి వెళ్ళింది.”

“మరి నువ్వెలా వచ్చావు? వానొస్తుంటే నువ్వు రాకూడదుగా! నీ గదిలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

బుల్లికి మా ఇంటి రాజ్యాంగం తెలుసు. నోరు తెరిచి నా ముఖం చూసింది. నా కాళ్ళు చూసింది. తడిసిన మడమను ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. పట్టీ జారిపోయి ఉంది. విప్పి మళ్ళీ చుట్టాను. గట్టిగా బిగించకూడదని చేతులకు చెప్పవలసివచ్చింది, వినలేదు. “అబ్బా,” అంది బుల్లి. కాలు మాత్రం తీసుకోలేదు.

అప్పుడు తలల మీద లౌడ్‌స్పీకర్లు పలికాయి. నేను లేను కనుక నేను రాసి ఇచ్చినదేదీ ఆమె చేతిలో లేదు.

“అందరికీ నమస్కారం. మీ పాత స్నేహితురాలు వాన మళ్ళీ వచ్చింది. రాజావారు ఎక్కడికి వెళ్ళాలో చెప్పేవారు ఓ ముఖ్యమైన పని మీద వెళ్ళారు, కాబట్టి రాజావారు కూడా మనలాగే కాసేపు తడుస్తారు.” దూరంగా నవ్వు. “ఇక ఆరో కోర్టులో పిల్లల ఆట... నిలిచింది.”

బుల్లి నా వైపు తిరిగింది. “ఆ మాట నువ్వు నిషేధించావు కదా?”

“నిషేధించాను.”

“అంటే ఏమిటిప్పుడు? ఆగిందా, ఉందా?”

“రేపటి పట్టిక వేసేది నేనే,” అన్నాను. “ఏ అర్థం బాగుంటే అది వేస్తాను.”

గది వదిలినందుకు పైవారు నన్ను సంజాయిషీ అడిగారు. నీటి పారుదల కారణాలని రాసి ఇచ్చాను. నిజమే కనుక తడబాటు లేకుండా రాయగలిగాను. ఎండలు వచ్చి గోడలు ఆరాక కూడా బుల్లి పరుపు కిందికి దిగలేదు. మడమ పట్టీ కోసం మాత్రం రోజూ దిగివచ్చేది. అది గట్టిగా ఉందని రోజూ ఫిర్యాదు చేసేది. మేడ మీద నవ్వులు వినబడినప్పుడు, ఒకటి రెండు సార్లు, ఏదో అడిగే నెపంతో నేనే మెట్లెక్కాను.

కాని అవి తరువాతి సంగతులు. మర్నాడు మిగిలిన ఆటను ఆరో కోర్టులోనే పెట్టాను. రాజావారు సెంటర్ కోర్టులో ఆడే వేళకే పెట్టాను. ఈసారి తెలిసే పెట్టాను. కంచె లోపల పల్లం ఉన్నందున, నీటి పారుదల కారణాల చేత, మొదటి కుర్చీ పక్కన రెండో కుర్చీ వేయవలసినదిగా ఆజ్ఞాపించాను. మేస్త్రి పల్లం కోసం వెతికి, “లేదమ్మా,” అన్నాడు. “చేరుతుంది,” అన్నాను. ఆయన కుర్చీ వేశాడు.

బుల్లి ఓడిపోయింది. కాని చాలాసేపు నిలిచింది. పాయింటు పాయింటుకూ తల తిప్పి మా వైపు చూసింది, చూసిన ప్రతిసారీ దాని ముఖం వెలిగింది. మా ఇద్దరిలో ఎవరిని చూసి వెలిగిందో ఈనాటికీ తేల్చలేకపోతున్నాను. కుర్చీలు మరీ దగ్గరగా వేయించాను.